చౌక బేరం.. 71 పేజీలు!

టీ బడ్డీ పెట్టుకోవాలన్నా ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి. వాల్‌మార్ట్‌కు అంత ఓపికెక్కడిది? లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో 60 ఎకరాల్లో దుకాణాల సముదాయం కట్టాలనుకుంది. నగర కౌన్సిల్ మొరాయించింది. అయితే ఏం? 71 పేజీల ప్రతిపాదన తానే రాసుకుని, సంతకాలు సేకరించి, 2004లో ఏకంగా జనం ఓటుకే పెట్టేసింది.

అందులో ఏముందంటారా? పర్యావరణ సమీక్ష అక్కర్లేదు. బహిరంగ విచారణ అక్కర్లేదు. కౌన్సిల్ అనుమతి అసలే అక్కర్లేదు. నెగ్గడానికి సగానికి పైన ఒక్క ఓటు చాలు. తర్వాత మార్చాలంటే మాత్రం మూడింట రెండొంతుల మంది ఓటెయ్యాలి! ఇంత ముందుచూపు మన మున్సిపాలిటీల మాస్టర్‌ప్లాన్లలో ఉంటే ఎంత బాగుండేది.

ప్రచారానికి పది లక్షల డాలర్ల పైనే కుమ్మరించింది. ఎదురు నిలిచింది పాస్టర్లు, కార్మిక సంఘాలు, ఇరుగుపొరుగు జనం. సరుకు చౌకే, మరి జీతాల సంగతేంటి, మా ఊరి చట్టం సంగతేంటి అని గడప గడపా తిరిగారు. ఏప్రిల్ 6న ఓట్లు లెక్కిస్తే 60 శాతానికి పైగా జనం ‘వద్దు’ పొమ్మన్నారు.

ఆ కంపెనీయే 2018లో 1,600 కోట్ల డాలర్లు పెట్టి మన ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొనేసింది. మనల్ని ఓటెవరూ అడగలేదు. వర్తకులు సెప్టెంబరులో బంద్ చేశారు. అక్టోబరులో బిగ్ బిలియన్ డేస్ సేల్ యథావిధిగా సాగింది.