గోడ మీద క్యాలెండరు

తెనాలిలో మా హాలు గోడకి 2011 నాటి వేంకటేశ్వరస్వామి క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. తిథులూ వారాలూ చూసుకోవడానికి కాదు. దాని వెనక ఇస్త్రీపెట్టెంత చెమ్మ మరక ఉంది.

2019లో మావాడి అమెరికా చదువుకి లోను కావాల్సొచ్చింది. 7.5 లక్షలు దాటితే తాకట్టు పెట్టమంది బ్యాంకు. ఇల్లు నాన్న పేరు మీద ఉంది, సంతకం పెడతానన్నారు. ఇక ఇంటికి విలువ కట్టించాలి. వాల్యూయర్‌ని బ్యాంకే పంపిస్తుంది, ఫీజు మాత్రం మనం కట్టాలి. పిల్లకి వంకలు పెట్టడానికి వచ్చినవాళ్ళకి మనమే బజ్జీలు వేసి పెట్టడం లాంటిదన్నమాట.

ఆయన కార్డు మీద 1957 నాటి వెల్త్ ట్యాక్స్ చట్టం కింద రిజిస్టరైనట్టు ఉంది. "ఆ పన్ను 2015 బడ్జెట్‌లోనే ఎత్తేశారు కదండీ?" అన్నాను, మనకీ నాలుగు ముక్కలు తెలుసని చూపించుకోవడానికి.

"పన్ను పోయింది మాస్టారూ. మేం మిగిలాం."

లేజరు మీటరుతో గదులు కొలిచాడు. వేళ్ళ కణుపులతో గోడలు తట్టి చూశాడు. నన్ను గేటు ముందు నిలబెట్టి, పరారీలో ఉన్నవాడికి తీసినట్టు ఫొటో తీశాడు. నేను వెనకాలే తిరుగుతూ ఏకరువు పెట్టాను: తూర్పు ముఖం, తియ్యటి నీళ్ళ బావి, టేకు తలుపులు, నడిచేంత దూరంలో రైల్వే స్టేషను.

"పక్క వీధిలో గజం 60 వేలకి అమ్మారట."

ఆయన పెన్ను ఆగింది. "ఆ చివర 'ట' తీసేసి చెప్పండి. డాక్యుమెంటు ఎంతకి రాశారు?"

గజం 22 వేలకి రాశారు. రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని మనవాళ్ళు సర్కారు విలువ దగ్గరే ఆపి, మిగతాది సంచిలో ఇచ్చిపుచ్చుకుంటారు. సంచికి రసీదు ఉండదు. తీరా మనింటికి ధర కట్టే రోజున, వీధంతా కలిసి రాయించిన అబద్ధమే సాక్షిగా వచ్చి నిలబడుతుంది.

హాల్లోకొచ్చి క్యాలెండరు చూడగానే ఆయన దణ్ణం పెట్టుకున్నాడు. గండం గడిచిందనుకున్నాను. మంచం మీంచి నాన్న అందుకున్నారు: "ఎత్తి చూడు బాబూ, చెమ్మ దాని వెనకే ఉంది. మావాడు ఎనిమిదేళ్ళుగా స్వామిని కాపలా పెట్టాడు."

తర్వాత లెక్క చెప్పాడు. పెరిగేది స్థలమేనట, ఇల్లు ఏటేటా తరుగుతుందట. (ఆ 'ట'లు నావి. ఆయన కాగితం మీద రాసే ఇచ్చాడు.) 200 గజాలు, గజం 30 వేల చొప్పున 60 లక్షలు. 1,400 అడుగుల ఇల్లు, ఇవాళ కట్టాలంటే అడుగుకి 1,500 చొప్పున 21 లక్షలు. 1989లో కట్టాం కాబట్టి వయసు 30. ఆయుష్షు 60 ఏళ్ళనుకుని, ఆఖరున ఇటుకా ఇనుమూ కింద పది శాతం మిగుల్తుందనుకుంటే, సగం ఆయుష్షుకి 45 శాతం తరుగు. మిగిలింది 11 లక్షల 55 వేలు.

"పూజగదికి గ్రానైట్ వేయించానండీ."

"అందులోనే."

"వాస్తు?"

"దానికి కాలమ్ లేదు."

మొత్తం 71 లక్షల 55 వేలు. దాని కిందే, కంగారుగా అమ్ముకోవాల్సొస్తే 57 లక్షల 24 వేలని ఇంకో అంకె. నేనేమో పదేళ్ళుగా బంధువులకి కోటిన్నర అని చెప్పుకుంటున్నాను. దొంగలు పడకుండా, పేకాట ఆడకుండా, కుర్చీలోంచి లేవకుండా సగం ఆస్తి పోగొట్టుకున్నాను. లోను మాత్రం వచ్చింది.

2023లో నాన్న పోయారు. అమ్మ అంతకుముందే పోయింది. విల్లు లేదు. విల్లు లేని తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా ఉందని 1956 చట్టమే చెప్పింది. చెల్లెలు మర్యాదగానే అడిగింది: "ఇల్లు నువ్వే ఉంచుకో అన్నయ్యా. నా సగానికి డబ్బివ్వు చాలు."

ఆ వాల్యూయర్‌నే మళ్ళీ పిలిచాను. ఈసారి గుమ్మంలోనే ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్ళి, క్యాలెండరు నేనే ఎత్తి చూపించాను. బావి ఎండిపోయిందన్నాను. టేకు తలుపులు వానాకాలం పడవన్నాను. రైళ్ళ మోతకి రాత్రిళ్ళు నిద్ర ఉండదన్నాను. పక్క వీధిలో రేట్లు పడిపోయాయట అన్నాను.

"మళ్ళీ 'ట'నా మాస్టారూ? పోయినసారి స్టేషను నడిచేంత దూరమన్నారు. దగ్గరికి జరిగిందా?"

గజం 36 వేలు వేశాడు. కట్టుబడి అడుగుకి 1,800 వేసి, 34 ఏళ్ళ తరుగు తీసి, మొత్తం 84 లక్షల 35 వేలని రాసిచ్చాడు. కాగితం చేతికి రాగానే చెల్లెలికి ఫోన్ చేశాను. "మరీ ఎక్కువ కట్టాడమ్మా. ఈ కొంపకి 70 లక్షలే ఎక్కువ."

అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"అలాగా అన్నయ్యా. అయితే 70కి నేనే తీసుకుంటాను. నీ వాటా 35 రేపు పంపమంటావా?"

84 లక్షల 35 వేలకే లెక్క తేల్చుకున్నాం. ఆ సాయంత్రమే క్యాలెండరు మళ్ళీ దాని మేకుకి తగిలించాను.