కుందుర్పి తిరిగొచ్చిన లాగ్‌బుక్‌ను

నేను కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు లాగ్‌బుక్‌ను. 2020-21లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ సిలబస్ మార్చి ఈ ప్రాజెక్టును తప్పనిసరి చేశాక నాలాంటివాళ్లం ఊరూరా పుట్టాం. విద్యార్థి 180 గంటలు జనం మధ్య తిరగాలి. చూసింది నాలో రాయాలి. చివర్న అందరి ముందూ నిలబడి చెప్పాలి. వంద మార్కుల్లో నాకు 20, ప్రెజెంటేషన్‌కు 25.

నన్ను సంచిలో వేసుకుపోయిన బీకాం అమ్మాయిది అనంతపురం జిల్లా కుందుర్పి. ప్రపంచ వాణిజ్యం మీద ఏదైనా సమస్య ఎంచుకోమంటే, వాళ్ల ఊరి శెనక్కాయను ఎంచుకుంది. మొదట్లో నా నిండా లెక్కలే: ఎకరాలు, ఎండిన బోర్లు, అప్పులు, బెంగుళూరికి పనికి పోయినవాళ్లు.

ఒక అరుగు మీద అవ్వ కాయలు ఒలుస్తోంది. "ధర ఎవరు చెప్తారవ్వా?" అని అడిగిందీ పిల్ల.

"మండీలో ఏమిస్తే అదే గదా పాపా. అయినా ఊడలు దిగే పొద్దుకి వాన రాలే. ఇత్తనం ఖర్చు గూడా ఎల్లలే."

అంటూనే ఒక కాయ చిట్లించి చూపించింది. లొట్ట. ఆ పొట్టు ముక్క ఇంకా నా కుట్టులో ఇరుక్కునే ఉంది.

పడమటి కనుమల అవతలే నైరుతి మేఘాలు ఖాళీ అయిపోతాయి కాబట్టి జిల్లాకు ఏడాదికి దక్కేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇది అందరికీ తెలిసిందే. మా పిల్ల అక్కడితో ఆగలేదు. శెనక్కాయ ధరకూ దిగుమతి నూనెకూ లంకె వెతుకుతూ, 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచారనీ, దేశం తినే నూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తోందనీ నాలో రాసుకుంది. 2022 ఏప్రిల్ చివర్న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసి, మే నెలలోనే మళ్లీ వదిలిన సంగతీ రాసింది. ఉక్రెయిన్ యుద్ధంతో అప్పటికే మండుతున్న నూనె ధర ఆ కబురుతో ఎలా ఊగిందో వాళ్లమ్మను అడిగి తెలుసుకుంది.

ప్రెజెంటేషన్ రోజు రానే వచ్చింది. అంతకుముందు మాట్లాడిన కుర్రాడి స్లయిడ్లు తళతళలాడాయి, ఇంగ్లీషు గడగడా సాగింది. "ఇందులో నువ్వు స్వయంగా చూసిందేది బాబూ?" అంటే మాత్రం నోరు పెగల్లేదు. మా పిల్లకేమో గొంతు వణికింది. తెలుగూ ఇంగ్లీషూ కలిసిపోయాయి.

మేడమ్ అడిగారు: "దిగుమతులు ఆపేస్తే మీ అవ్వ కష్టం తీరుతుందా అమ్మా?"

కాసేపు ఆలోచించింది. "తీరదు మేడమ్. కాయలో గింజే లేకపోతే ధర పెరిగి ఏం లాభం? పైగా నూనె కొనుక్కునేవాళ్లలో అవ్వ కూడా ఉంది. ముందు చేనుకు ఒక తడి నీళ్లు కావాలి, ధర సంగతి ఆ తర్వాత."

ఎంబీఏ పాఠాల్లో కేస్ స్టడీ నేర్పేదీ ఇదే. ఒకే నిర్ణయం ఎవరికి మేలో, ఎవరికి కీడో రెండువైపులా చూడగలగడం. అయినా పక్కనున్న పరీక్షకుడు భాష తడబడిందని మార్కులు కోశారు. అది అన్యాయమని నేనంటాను. ఆ తడబాటును కొన్ని నెలల్లో దిద్దుకోవచ్చు. ఆ జవాబు, ఊరు తిరగనివాళ్లకు రాదు.

మార్కులు వేసే అయ్యవార్లూ, మేడమ్‌లూ! స్లయిడ్లు వెలగకముందే మా పేజీలు తిరగేయండి. చివర్న రెండు ప్రశ్నలైనా అడగండి. ఆ జవాబులకే ఎక్కువ మార్కులు వేయండి.