బాగున్న బేరింగు

ప్రిడిక్టివ్ మెయింటెనెన్స్ ఉద్యోగంలో చేరేనాటికి నేను ఒక్క బేరింగునైనా విప్పి చూసి ఎరగను. అయినా ఏ బేరింగు ఎప్పుడు పాడవుతుందో చెప్పగలనని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకాన్ని ఇచ్చింది అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం అందరికీ అందుబాటులో పెట్టిన కంపనాల కొలతలు. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు చాలామంది వాటితోనే మొదలుపెడతారు. 2 హార్స్‌పవర్ మోటారు, 6205 రకం బేరింగు, బాల్స్ దొర్లే దాని రేసులో విద్యుత్ స్పార్కుతో కావాలని చేసిన గుంట. గుంట ఎక్కడుందో, ఎంత వెడల్పుందో ముందే రాసి ఉంటుంది. నా మోడల్ 99 శాతం సరిగ్గా చెప్పింది. ఒకే బేరింగు కొలతల్ని ముక్కలు చేసి, కొన్నిటితో నేర్పి, మిగతావాటితో పరీక్షించాను. ప్రశ్నపత్రం ముందే చూపించి పరీక్ష పెట్టడం లాంటిది అది. ఆ మార్కులు చూసుకునే హుజూర్‌నగర్ వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో అడుగుపెట్టాను.

ఫ్యాక్టరీలో ఎవరూ గుంటలు చేసి పెట్టరు. ఏ యంత్రం ఎప్పుడు పాడైందో తెలియాలంటే మెయింటెనెన్స్ రిజిస్టరే దిక్కు. అందులో ‘బేరింగు మార్చాం’ అని కనబడిన ప్రతి తేదీనీ బేరింగు పాడైన తేదీగా ఎక్కించేశాను. తీసినప్పుడు అది ఎలా ఉందని ఒక్కరినీ అడగలేదు. కిల్న్ (సిమెంటు కొలిమి) లోపలి ఇటుకలు మార్చడానికి ఏటా ఫ్యాక్టరీ ఆపుతారు. ఎలాగూ ఆగింది కదా అని ఆ రోజుల్లో బాగున్న బేరింగుల్ని కూడా మార్చేవారు. నేను మోడల్‌కు ఇచ్చినవి మొత్తం కంపనం, మోటారు లాగే కరెంటు, చివరి ఓవర్‌హాల్ నుంచి నడిచిన గంటలు. అది గంటల్నే పట్టుకుంది. బేరింగుల గురించి ఏమీ నేర్చుకోలేదు, షట్‌డౌన్ ఎప్పుడొస్తుందో నేర్చుకుంది. అది నేను గ్రహించలేదు.

ఇంతలో కిల్న్‌లోని వేడి వాయువుల్ని ప్రీహీటర్ గుండా లాగే ఐడీ ఫ్యాన్‌లో కంపనం పెరిగింది. మోడల్ నడిచిన గంటల్ని చూసి ‘బేరింగు పోతోంది’ అంది. నేనూ అదే అన్నాను, మీటింగులో, గట్టిగా.

ఆ ఫ్యాన్ ఆగితే కిల్న్ ఆగుతుంది. లోపల ముడిపదార్థం 1450 డిగ్రీల దాకా వేడెక్కే కొలిమి అది. చల్లారి మళ్లీ వేడెక్కిన ప్రతిసారీ ఇటుకలు దెబ్బతింటాయి. అందుకే ఫోర్‌మన్ నా దగ్గరికి వచ్చి, “సార్, బేరింగు కాడ చప్పుడు ఒక్క తీరుగనే ఉన్నది. రెక్కలకు దుమ్ము పట్టినట్టున్నది. ముందు ఫ్యాన్ తలుపు తీసి చూద్దాం” అన్నాడు. నాకంటే వయసులో చాలా పెద్దవాడు. నేను ల్యాప్‌టాప్ మీద నుంచి తల ఎత్తలేదు.

ఆయన మాట నిజమో కాదో తేల్చే ఆధారం నా దగ్గరే ఉంది. షాఫ్టు ఒక్కసారి తిరిగితే ఒక్కసారి ఊగడం బ్యాలెన్స్ తప్పిన లక్షణం. బేరింగు దెబ్బ అలా ఉండదు. నేను చదువుకున్న 6205లో బయటి రేసుకు గుంట పడితే షాఫ్టు ఒక చుట్టుకు దాదాపు 3.58 దెబ్బలు, లోపలి రేసుకైతే 5.42. పూర్ణ సంఖ్యలు రావు. నిమిషానికి వెయ్యి చుట్లకు కాస్త తక్కువగా తిరిగే ఆ ఫ్యాన్ కంపనాల స్పెక్ట్రంలో ఉన్నది 16.5 హెర్ట్జ్ దగ్గర ఒకే ఒక్క శిఖరం. ఒక చుట్టుకు ఒకటి. స్పెక్ట్రం తెరిస్తే అరనిమిషంలో తేలేది. తెరవలేదు.

కిల్న్ ఆపారు. తీసిన బేరింగు రేసులు నున్నగా మెరుస్తున్నాయి, రోలర్ల మీద గీత లేదు. రెక్కల మీద మాత్రం ముడిపదార్థపు పొడి పెచ్చులుగా పేరుకుని, ఒక పక్క ఊడి, ఇంకో పక్క మిగిలి ఉంది. గీకి శుభ్రం చేశాక కంపనం తగ్గిపోయింది.

కొత్త బేరింగు మాత్రం వేడెక్కింది. బిగించేటప్పుడు ఫ్యాక్టరీ వేడిలో, దుమ్ములో, కిల్న్ తొందరగా ఎత్తాలని వెంటపడితే ఫీలర్ గేజ్ పెట్టి క్లియరెన్స్ (బేరింగు లోపలి సందు) తీరుబడిగా చూసుకునే వ్యవధి ఎవరికుంటుంది? వెంటపడినవాళ్లలో నేనూ ఉన్నాను. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు నౌలన్, హీప్ 1978లోనే రాశారు: వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో 89 శాతానికి ఇన్ని గంటలకు మార్చాలని వయసు పరిమితి పెట్టడం వల్ల ప్రయోజనం లేదు, 68 శాతానికి కొత్తగా బిగించిన తొలిరోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. సిమెంటు ఫ్యాక్టరీ విమానం కాదు, ఆ అంకెలు ఇక్కడ అలాగే వర్తించవు. కానీ నడుస్తున్న యంత్రాన్ని ఊరికే విప్పడం కూడా ఒక ప్రమాదమేనని ఆ నివేదిక చదివిన నాకు తెలిసి ఉండాలి.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఇవేవీ కాదు. ఆ స్టాపేజీ రిపోర్టులో కొత్త బేరింగు వేడెక్కడానికి కారణం ‘బిగింపు లోపం’ అని పడింది. ఫోర్‌మన్ బృందం పేరు ఎక్కింది. కిల్న్‌ను ఎందుకు ఆపాల్సి వచ్చిందన్న చోట ‘ముందుజాగ్రత్త’ అని ఉంది. ఆ మాట రాసింది నేనే. అందరూ సంతకాలు పెడుతుంటే నేనూ పెట్టాను.

తర్వాత రిజిస్టర్లు ముందేసుకుని ఫోర్‌మన్ పక్కనే కూర్చున్నాను. ఏది నిజంగా పాడై మార్చారో, ఏది షట్‌డౌన్ కదా అని మార్చారో ఆయన గుర్తుచేసుకుని చెబుతుంటే వరుసవరుసకీ గుర్తు పెట్టాను. నిజంగా పాడైనవి మోడల్‌కు నేర్పడానికి చాలినన్ని కూడా మిగల్లేదు. ఆ మోడల్‌ను పక్కన పెట్టేశాను. ఇప్పుడు తీసిన ప్రతి బేరింగునూ కోసి, రేసులు ఫొటో తీసి, ఎలా ఉందో రాస్తున్నాం. రిపోర్టు దిద్దమని కూడా రాసి ఇచ్చాను, కిల్న్ ఆపమన్నది నేను, స్పెక్ట్రం చూడకుండా అన్నాను అని. ఆయన ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నారు. ఈలోగా ఆ కాగితం మారాలి.