ఇంగ్లీషు చెప్పడానికి వచ్చే దొరగారికి ముందుజాగ్రత్తలు

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఇంగ్లీషు చెప్పడానికి విదేశం నుంచి వచ్చే మేష్టారు ముందుగా తన జీతం ఎంతో తేల్చుకోవాలి. కాగితం మీద రాసుకున్నది కాదు. ఇల్లు అద్దెకిచ్చిన పెద్దాయనకీ, ఆయన తోడల్లుడికీ, వీధి చివర టీకొట్టు అతనికీ చెప్పవలసినది. ముగ్గురికీ ఒకే అంకె చెప్పడం క్షేమం. సాయంత్రానికి సరిచూసుకుంటారు.

పెళ్లి కాలేదంటే ఎందుకు కాలేదంటారు. అయిందంటే ఆవిడ ఎందుకు రాలేదంటారు. రెండిటికీ జవాబు కుదిరేసరికి “ఏటి కూరండీ మేష్టారూ?” అని మూడోది వస్తుంది. రొట్టె ముక్కతో సరిపెట్టుకున్నానని మాత్రం నోరు జారకూడదు. పక్కింటి నుంచి ఆవ పెట్టిన పనసపొట్టు కూర గిన్నెడు వచ్చేస్తుంది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న సంగతి ఎవరూ చెప్పరు.

తరగతిలో ప్రశ్న అడిగితే జవాబు గైడులో ఉన్నది ఉన్నట్టు, కామాలతో సహా వస్తుంది. మధ్యలో ఆపకూడదు. ఆపితే పాపం ఆ కుర్రాడు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పరీక్ష పెట్టకూడదు. ఆరోజు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, మేష్టారికీ ఊళ్లో నడవడానికి చోటుండదు.

బోధన పద్ధతుల కోసం దొరగారు లావుపాటి పుస్తకాలు మోసుకురానక్కర్లేదు. 1892లో విజయనగరంలో తొలిసారి రంగస్థలమెక్కిన గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం ఉన్నాడు. వెంకటేశానికి ఇంగ్లీషు చెప్పే వంకన అగ్రహారంలో వాళ్లింటికి చేరి, పాఠం లేకుండానే ఆ ఇంట భోజనం, పరపతి సంపాదించాడు. అంతకన్నా గిట్టుబాటైన టీచర్ ట్రైనింగ్ ఇంతవరకూ రాలేదు.

గిరీశాన్ని కాదని జె.ఎ. యేట్స్‌ని అనుసరిస్తే కష్టాలే. ఈయన 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు స్కూళ్ల ఇనస్పెక్టరుగా వచ్చిన ఇంగ్లీషు దొర. హాజరుపట్టీ చూసి, సంతకం పెట్టి, దండ వేయించుకుని వెళ్లిపోయే సులువైన ఉద్యోగం. ఆయన పోయిపోయి తెలుగు పాఠం విన్నాడు. జనం మాట్లాడేది ఒక తెలుగు, పండితులు చెప్పేది ఇంకో తెలుగు, ఎందుకిలా అని అడిగాడు. విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఇద్దరి పేర్లు చెప్పారు: విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి. నలుగురూ కలిశారు. ఇక చెప్పేదేముంది! స్కూలు ఫైనలు వ్యాసం వాడుక భాషలో రాసుకోవచ్చని 1912-13లో అనుమతి వచ్చింది, గ్రాంథికవాదులైన జయంతి రామయ్య పంతులు ప్రభృతులు భగ్గుమన్నారు, 1914లో వాడుక భాష తరఫున గురజాడ తన అసమ్మతి పత్రం రాశారు, మరుసటి ఏడాదికే ఆ అనుమతి ఎగిరిపోయింది. పండితుల తగాదా మాత్రం ఎగిరిపోలేదు, ఏళ్ల తరబడి సాగింది.

ఇక్కడివాళ్ల దగ్గర ఏదైనా నేర్చుకోవాలని దొరగారికి బుద్ధి పుడితే గిడుగు సంగతి గుర్తుచేయాలి. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మేష్టారుగా హాయిగా పాఠాలు చెప్పుకుంటున్న మనిషి. సవర గిరిజనుల భాష నేర్చుకుందామని ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు. అక్కడితో ఆగిందా? సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు, 1931లో ఆ భాషకు వ్యాకరణం. మన్యంలో తిరిగి తెచ్చుకున్న మలేరియాకి మింగిన క్వినైను ఆయన చెవులు తీసుకుంది. భాష వినడమే పనిగా పెట్టుకున్నవాడికి ఇంతకన్నా ఘోరమైన జీతం ఉంటుందా?

ఆయన పుట్టిన ఆగస్టు 29 ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు జరిగే సభలో దొరగారిని ముందు వరసలో కూర్చోబెడతారు. వాడుక భాష కోసం పోరాడిన మహనీయుడి గురించి వక్తలు అచ్చమైన గ్రంథ ఫక్కీలో మాట్లాడతారు. అర్థం కాకపోతే సిగ్గుపడనక్కర్లేదు. వెనక వరసలో పిల్లలదీ అదే పరిస్థితి. వాడుక భాష చివరికి గెలిచిన మాట నిజమే గానీ, పుస్తకాలకెక్కింది ఎక్కువగా కృష్ణా గోదావరి జిల్లాల వాడుక. పోరాటం మొదలైన ఊళ్ల పిల్లలు ఇప్పటికీ క్లాసులో “ఏటి” అంటే దిద్దించుకోవలసిందే. అదే యాస సినిమాలో పడితే హాలంతా నవ్వు. దొరగారు ఇది గమనించినట్టు కనపడకూడదు.

చివరిది స్టాఫ్ రూము గండం. తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా, మీ అభిప్రాయమేటని అడుగుతారు. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ 2019లో జీవోలొచ్చాయి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, వాదన మాత్రం ఇంకా వేడిగానే ఉంది. ఇంగ్లీషు అంటే తెల్లోడి బుద్ధి పోలేదంటారు. తెలుగు అంటే మన పిల్లలు పైకి రావడం ఓర్వలేడంటారు. మరీ ఇరుకున పడితే, మీ పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నారండీ అని మర్యాదగా ఎదురడగవచ్చు. రెండు పక్షాలవాళ్లకీ ఒక్కసారే క్లాసు గుర్తొస్తుంది, ఫ్యాను కింద కుర్చీ ఖాళీ అవుతుంది.