మొఘల్‌పురాలో రెండు దశల రాకెట్ ఎగరేయడం ఎలా?

రాకెట్ ఎగరేయడానికి మీరు ఎంచుకున్న పేట మామూలు పేట కాదు. 1962లో రక్షణశాఖ వాళ్లు క్షిపణుల ప్రయోగశాలను హైదరాబాద్‌కు తెచ్చి, చాంద్రాయణగుట్టలో నిజాం సైన్యం ఖాళీ చేసిపోయిన బ్యారక్‌లలో పెట్టారు. శాలిబండ మీదుగా, ఫలక్‌నుమా దాటి ఆటోలో పోయేంత దూరం. తర్వాత అది కంచన్‌బాగ్‌లో స్థిరపడింది. 1982లో అబ్దుల్ కలాం దానికి డైరెక్టరుగా వచ్చారు. 1989 మే 22న ఒడిశా తీరంలో లేచిన తొలి 'అగ్ని' ఆ పుణ్యమే, అదీ రెండు దశలదే. 'రాకెట్ మన దిక్కు కొత్తదా అమ్మీ?' అని ఇంట్లో వాదించుకోవడానికి ఈ చరిత్ర బాగా పనికొస్తుంది. అంతకుమించి ఇంక దేనికీ పనికిరాదు. ఆ ప్రహరీ గోడ అవతల అగ్ని తయారైనంత మాత్రాన ఇవతల మీకు అగ్గిపెట్టెంత మోటారు కూడా దొరకదు.

సరే, ఏ రాకెట్‌కు నమూనా చేయాలి? అగ్ని జోలికి పోకండి. 'క్షిపణి చేస్తున్నా' అని ఫోన్లో గట్టిగా అనడం ఏ ఊళ్లోనూ మంచి అలవాటు కాదు. నైకీ-అపాచీ ఎంచుకోండి. 1963 నవంబర్ 21న తుంబా నుంచి లేచిన మన దేశపు మొదటి సౌండింగ్ రాకెట్ అది. అమెరికాది, రెండు దశలది. పాత చర్చి భవనంలో జత చేశారు. లాంచర్ మీదికి ఎక్కిస్తుంటే క్రేన్ హైడ్రాలిక్స్ లీకైంది. ఉన్నవాళ్లంతా కలిసి భుజబలంతో ఎక్కించారు. సాయంత్రం సోడియం ఆవిరి ఆకాశంలో రంగు మేఘమై కనిపించింది. మీ రాకెట్ రెక్క ఊడి చేతికొచ్చిన ప్రతిసారీ ఈ కథ ఇంటివాళ్లకు చెప్పండి. రెండుసార్ల వరకు వింటారు.

ఇక స్కేలు. పదో వంతు అంటే లెక్క సులువని అందరూ అదే పట్టుకుంటారు. అసలు అపాచీ లావు ఆరున్నర అంగుళాలు. పదో వంతు చేస్తే 16 మిల్లీమీటర్ల చిల్లర. అందులో పెట్టాల్సిన మోటారే 18 మిల్లీమీటర్లు. రాకెట్ కంటే మోటారు లావు. కాబట్టి ఎనిమిదో వంతుకు రండి. అపాచీ 20 మిల్లీమీటర్లు దాటుతుంది, మోటారు పడుతుంది. మొత్తం పొడవు మాత్రం మీటరు దాటుతుంది. మొఘల్‌పురా ఇళ్లల్లో మీటరు పొడవున్న కాగితపు వస్తువును పిల్లలకు, పిల్లులకు, అత్తగారి దులపరింపు చీపురుకు అందకుండా దాచే చోటు ఉంటే మీరు అదృష్టవంతులు.

గొట్టాల కోసం పత్తర్‌గట్టి బట్టల దుకాణాలకు పోతే తానుల మధ్యలో ఉండే అట్ట గొట్టాలు ఉచితంగా ఇస్తారు. తీసుకోకండి. తీసుకున్నా గుల్జార్ హౌజ్ దగ్గర నగల దుకాణంలో తూకం వేయించండి. ఎందుకంటే ఇక్కడ లెక్కంతా తులాల్లోనే. సి6 అనే మోటారు మోయగలిగే బరువు సుమారు 113 గ్రాములు. అంటే పదకొండు తులాల పైచిలుకు. రెండు దశలకు రెండు మోటార్లు, ఒక్కోటి రెండు తులాలు దాటుతుంది. అంటే దాదాపు ఐదు తులాలు పోయాయి. మిగిలిన ఆరు తులాల్లోనే మీటరు పొడవు ఒళ్లు, ముక్కు, రెక్కలు, పారాచూట్, రంగు, మీ ఆత్మగౌరవం అన్నీ సర్దాలి. పెళ్లికి బంగారం పెట్టే తండ్రి కూడా ఇంత జాగ్రత్తగా లెక్క చూడడు. దుకాణంలో సేఠ్ మిమ్మల్ని చూసి నవ్వుతాడు, నవ్వనివ్వండి. ఆయన తరాజు మాత్రం నిజం చెబుతుంది. మీరు ముచ్చటపడి కొట్టిన రెండో పూత రంగు అర తులం అని ఆయనే చెబుతాడు.

రాకెట్ తిన్నగా పోవాలంటే దాని బరువు కేంద్రం, గాలి ఒత్తిడి కేంద్రం కంటే ముక్కు వైపు ఉండాలి. కనీసం గొట్టం లావంత ముందుకు. లెక్కలు రానివాళ్లకు ఒక పరీక్ష ఉంది. మోటార్లు కూడా పెట్టి, రాకెట్ సమంగా తూగే చోట దారం కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పాలి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే ఖాయం. తోక ముందుకొస్తే ముక్కులో ఇంకాస్త మట్టి ముద్ద పెట్టాలి, అంటే మళ్లీ సేఠ్ దగ్గరికి. ఈ పరీక్ష గల్లీలో చేయకండి. మీటరు రాకెట్‌కు దారం పొడవు కలిపితే ఆ చుట్టుకొలతలో కేబుల్ వైర్లు, ఒక కరెంటు స్తంభం, పాల ప్యాకెట్లు తెచ్చే బండి, పైన ఆరేసిన షేర్వానీ, అన్నీ వస్తాయి. డాబా మీద చేయండి. పక్క డాబాలో పావురాలు పెంచే పెద్దమనిషి ఉంటే ముందుగా సలాం చెప్పి, ఆయన గుంపు దిగాకే చేయండి. ఆ గుంపు చెదిరితే మొఘల్‌పురాలో మీకు ఇంక మాట్లాడేవాడు ఉండడు.

మోటారు సంగతి. దాని మీద సి6-0 అని ఉంటే, సి అన్నది మొత్తం శక్తి, 6 అన్నది సగటు తోపు న్యూటన్లలో, చివరి సున్నా అంటే ఆలస్యం లేదు అని. కింది దశకు ఇదే కావాలి. మందు కాలి కాలి పైకొచ్చి, చివరి పొర పగిలి, ఆ వేడి నిప్పు రవ్వలు నేరుగా పై మోటారు మూతిలోకి దూకి దాన్ని అంటిస్తాయి. రెండు మోటార్ల మధ్య సెల్లోటేపు ఒక చుట్టు, అంతే. పైది సి6-7, అంటే ఆరిపోయిన 7 సెకన్లకు పారాచూట్‌ను బయటికి తోస్తుంది. కింది మోటారు కాలే సమయం రెండు సెకన్లు కూడా ఉండదు. ఆ రెండు సెకన్లలో రాకెట్ గాలికి వాలిందో, పై దశ ఎటు వాలితే అటే అంటుకుని పోతుంది. చార్మినార్ దిక్కు వాలితే ఏం చేయాలని అడుగుతున్నారా? ఊరు మారాలి.

ఇంతకీ మోటారు ఎక్కడ దొరుకుతుంది? బేగంబజార్‌లో అడిగితే 'రాకెట్లా? బాక్స్‌కు ఎన్ని కావాలి?' అని తారాజువ్వలు చూపిస్తారు. అది వేరు, ఇది వేరు అని వివరించబోకండి, వెనక లైను పెరుగుతుంది. తుపాకిమందు నింపిన మోటారు పోస్టులో రాదు, విమానంలో మామ సూట్‌కేసులోనూ రాదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఇంకా బతికే ఉంది. లైసెన్సుల పెద్దాఫీసు నాగ్‌పూర్‌లో ఉంది. దరఖాస్తులో 'ఉద్దేశం' అన్న గడిలో 'సరదా' అని రాసి చూడండి.

ఈ దశలో మీ దోస్తుల్లో ఒకడు, తారాజువ్వలు చీల్చి మందు తీసి మనమే కూరుదాం అంటాడు. వాడి చేతులు చూడండి. పది వేళ్లూ ఉంటే వాడికి అనుభవం లేదు. లేకపోతే వాడికే తన సలహా పనికి రాలేదు. (ఈ ఒక్క మాటలో వ్యంగ్యం లేదు. మోటారు ఇంట్లో చేయొద్దు.)

మోటార్లు దొరికాయనే అనుకుందాం. అమెరికా మోడల్ రాకెట్ సంఘం నియమాల ప్రకారం సి మోటారుకు 400 అడుగుల మైదానం కావాలి. రెండు సి మోటార్లు కలిస్తే డి లెక్క, 500 అడుగులు. గాలి గంటకు 20 మైళ్లు దాటకూడదు. అంటించేది అగ్గిపుల్లతో కాదు, బ్యాటరీ తీగతో, 15 అడుగుల దూరం నుంచి. మీ డాబాలో ఈ మూల నుంచి ఆ మూలకు 15 అడుగులు దొరికితే దొరకొచ్చు, మధ్యలో నీళ్ల ట్యాంకు లేకపోతే. 500 అడుగుల ఖాళీ కోసం కులీ కుతుబ్ షా స్టేడియం దిక్కు చూస్తారు, అక్కడ అప్పటికే క్రికెట్ టీములు ఒకదాని మీద ఒకటి ఆడుతుంటాయి. ఊరి బయట పొలాల్లోకి పోదామంటే శంషాబాద్ వైపు మీ కంటే పెద్ద వస్తువులు ఎగురుతుంటాయి.

మంచి రోజు చూసుకోవడం ఇంకా కష్టం. సంక్రాంతికి ఆకాశం నిండా పతంగులే, మీ పారాచూట్ మాంజాకు తెగకుండా దిగదు. ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలు. తర్వాత బాలాపూర్ వినాయకుడు శాలిబండ మీదుగా చార్మినార్‌కు పోయే రోజు. రంజాన్ నెలలో తెల్లవార్లూ జనం. వీటన్నిటికీ బందోబస్తు ఉంటుంది. యూనిఫాం వేసుకున్న మనిషి ఉన్న చోట మీటరు పొడవు కొసదేలిన గొట్టం చంకలో పెట్టుకుని నడవకూడదని నా సలహా. వాయిదా పడిందని దిగులు వద్దు. అగ్ని కూడా 1989 ఏప్రిల్‌లో ఇంకా 14 సెకన్లుందనగా ఆగింది, మే మొదట్లో మళ్లీ ఆగింది. పత్రికల్లో కార్టూన్లు వేశారు. మీ విషయంలో కార్టూన్ల పని గల్లీ చివర ఛాయ్ హోటల్లో జరుగుతుంది, రోజూ, ఉచితంగా.

ఇక పై దశ పారాచూట్‌తో ఎక్కడో దిగుతుంది, దాన్ని వదిలేయండి. అసలు సమస్య కింది దశ. దానికి పారాచూట్ ఉండదు. విడిపోగానే పల్టీలు కొడుతూ కిందికి వస్తుంది, తేలిక కాబట్టి ఎవరికీ దెబ్బ తగలదు. కానీ పాతబస్తీలో ఆకాశం నుంచి పడేదానికి వందల ఏళ్లుగా ఒకటే చట్టం. తెగిన పతంగి దొరికినోడిది. 'అఫా!' అని పక్క డాబాల మీంచి అరుపులు వినిపించాయంటే మీ బూస్టర్ మీది కాకుండా పోయినట్టే.

తలుపు కొట్టండి. మర్యాదగా మొదలుపెట్టండి.

'సలామాలేకుం ఖాలా, మా రాకెట్ ముక్క మీ డాబా మీద పడింది.'

'వాలేకుం సలాం బేటా. పడింది. మావాడు పట్టాడు.'

'ఇప్పిస్తారా?'

'వాణ్నే అడుగు.'

ఎనిమిదేళ్లవాడు మెట్ల మీద కూర్చుని ఉంటాడు. బూస్టర్ ఒళ్లో ఉంటుంది. అప్పటికే దానికి మాంజా కట్టేసి ఉంటాడు. డబ్బులు చూపించకండి, రేటు పెరుగుతుంది. చాక్లెట్ చూపించకండి, అవమానంగా తీసుకుంటాడు. అది ఏ రాకెట్, ఏ మోటారు, ఎన్ని న్యూటన్లు అని మీరు చెప్పినదంతా ఓపిగ్గా విని, వాడు ఒక్కటే అడుగుతాడు:

'పైది ఎక్కడ పడింది భయ్యా?'