కులం పట్టింపు లేదని చెప్పడమెట్లా?

పట్టింపు వదులుకోవడం కష్టం, లేదని చెప్పడం తేలిక. నిజామాబాద్–బోధన్ రోడ్డు మీది ఎడపల్లి పెద్దమనుషులకు పనికొచ్చే చిట్కాలివి.

1. ముందు జీతగాడి మాట తెండి. "మా జీతగాడు మా ఇంట్ల మనిషి లెక్కనే" అనండి. అతని ఇంటిపేరు ఎవరైనా అడిగితే దగ్గు తెచ్చుకోండి. వెనక చూరులో వేరే గ్లాసు దాచే బాధ కూడా ఇప్పుడు లేదు. అతనికి కాగితం గ్లాసులో చాయ్ పోసి, శుభ్రత కోసమని చెప్పండి.

2. కులం పేరు ఎత్తకండి. "ఏ ఊరు? ఇంటిపేరేంది? మీ ఇల్లు ఊళ్లె ఏ దిక్కు?" అంటే చాలు. దీన్ని పరిచయం అంటారు.

3. పట్టింపును పక్కవాళ్ల మీద పెట్టండి. ఇల్లు కిరాయికి అడిగితే, "నాకేం లేదు, మా అమ్మనే ఒప్పుకోదు." సంబంధం దగ్గర, "పిలగాడు మంచోడే, ఊరేమంటదో." ఊరినే నిలదీస్తే, "అది కమిటీ తీర్మానం." జరిమానాలు, సాంఘిక బహిష్కరణలు విధించిన గ్రామాభివృద్ధి కమిటీలు మన జిల్లాలో ఉండనే ఉన్నాయి. కమిటీని అడిగితే ఊరి మాట అంటుంది. ఇక అడగడానికి ఎవరూ మిగలరు.

4. బోధన్ చక్కెర ఫ్యాక్టరీని తలుచుకోండి. "శక్కర్‌నగర్ల అన్ని కులాలోళ్లు ఒక్క షిఫ్టుల పన్జేసిండ్రు" అని నిట్టూర్చండి. షిఫ్టు దిగాక ఎవరింట్లో ఎవరు అన్నం తిన్నారన్నది వేరే సంగతి. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది కాబట్టి ఎంతైనా తియ్యగా చెప్పుకోవచ్చు.

5. గల్ఫ్ మాట వస్తే మండిపడండి. "దుబాయ్‌ల మనోళ్లను మనుషుల్లెక్క చూడరు!" ఈ కోపం నటించనక్కర్లేదు, నిజంగానే వస్తుంది. "మరి మనూళ్లె?" అని ఎవరైనా అంటే "అది వేరే" అనండి. మీకు పెద్ద అండే ఉంది. 2001లో డర్బన్‌లో జరిగిన జాతి వివక్ష వ్యతిరేక ప్రపంచ మహాసభలో కులం సంగతి చర్చించాలని దళిత సంఘాలు పట్టుబడితే, కులం జాతి కాదని మన ప్రభుత్వమే అడ్డు చెప్పింది.

6. చివరికి చట్టం తీయండి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. రద్దయింది కనుక లేదు. లేనిదాన్ని ఎత్తినవాడే కులపిచ్చోడు. "ఇయ్యాల రేపు కులం ఎవ్వలు జూస్తున్నరు? నువ్వే తీస్తున్నవ్!" 1989 అట్రాసిటీ చట్టం పేరు వినపడగానే, ఏం జరిగిందో వినకముందే "తప్పుడు కేసు" అనేయండి.

ఒక జాగ్రత్త. మీ కులపోళ్ల ముందు ఇవి అక్కర్లేదు, వాళ్లకు ముందే తెలుసు. అవతలి వాడవాళ్లు నమ్మరు. కాని రేపు కైకిలికి మీ పొలానికే రావాలి గనుక ఊకుంటారు. ఆ ఊకునుడునే మీరు "మా ఊళ్లె అందరం కలిసే ఉంటం" అని చెప్పుకోవచ్చు.