బ్రౌజర్ గారి ప్రవర

గుళ్లో అర్చనకి వెళితే పూజారి గారు పళ్లెం అందుకుంటూనే గోత్రం అడుగుతారు. తెలియదని నీళ్లు నమిలితే కాశ్యప గోత్రం తగిలించి కానిచ్చేస్తారు. ఇప్పటిదాకా పైవాడు అలాంటి అర్చన తిప్పి పంపిన దాఖలా లేదు. వెబ్‌సైట్ల గుమ్మం దగ్గర జరిగేదీ ఇదే. మీరు క్రికెట్ స్కోరు చూడబోయినా, కరెంటు బిల్లు కట్టబోయినా, మీ తరఫున వెళ్లిన బ్రౌజరు ముందు చెవులు పట్టుకుని, వంగి, ప్రవర చెబుతుంది. మా డెవలపర్లు దాన్ని యూజర్ ఏజెంట్ స్ట్రింగ్ అంటారు.

నా లాప్‌టాప్‌లోని క్రోమ్ చెప్పుకునేది ఇంచుమించు ఇలా ఉంటుంది: “మొజిల్లా 5.0, విండోస్ ఎన్‌టీ 10.0, ఆపిల్‌వెబ్‌కిట్ 537.36, కేహెచ్‌టీఎంఎల్, లైక్ గెకో, క్రోమ్ ఫలానా, సఫారీ 537.36.” అనగా ఆపిల్‌వెబ్‌కిట్, కేహెచ్‌టీఎంఎల్, గెకో త్రయార్షేయ ప్రవరాన్విత, మొజిల్లా సగోత్ర, క్రోమ్ నామధేయ, అహంభో అభివాదయే! ఇంత పొడుగు పాఠంలో దాని సొంత పేరు ఒక్కటే. మొజిల్లాతో దానికి చుట్టరికం లేకపోగా పోటీ. సఫారీ వేరే కంపెనీ సొత్తు. విండోస్ పది అన్నది కూడా అబద్ధమే, నాది పదకొండు. ఆపిల్ కొత్త మాక్‌లలో ఇంటెల్ చిప్పు మచ్చుకైనా లేదు. వాటిలోని బ్రౌజర్లు మాత్రం ఇవాళ్టికీ ‘ఇంటెల్ మాక్’ అనే చెప్పుకుంటున్నాయి. ఇక ఐప్యాడ్ 2019 నుంచి తను ఐప్యాడ్‌నని ఒప్పుకోవడమే మానేసింది. అడిగితే మాక్‌నంటుంది.

ఇన్ని అబద్ధాలు వాటికి ఎవరు నేర్పారంటే, మేమే. డెవలపర్లం.

1993లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారి కేంద్రంలో మొజాయిక్ అనే బ్రౌజరు పుట్టింది. అది చేసిన కుర్రాళ్లలో కొందరు బయటికొచ్చి నెట్‌స్కేప్ పెట్టారు. మొజాయిక్‌ను మింగేసే గాడ్జిల్లా అని దానికి మొజిల్లా అని లోపల ఒక ముద్దుపేరు. పేజీని గదులుగా విడగొట్టే ఫ్రేములు నెట్‌స్కేప్‌కి వచ్చు, మొజాయిక్‌కి రావు. అప్పుడు మావాళ్లు ఏం చేయాలి? వచ్చినవాణ్ణి “నాయనా, నీకు ఫ్రేములు వచ్చా?” అని అడగాలి. అలా అడగలేదు. “నీ పేరేంటి?” అన్నారు. మొజిల్లా అంటే పీట వేసి పూర్తి భోజనం, కాదంటే వీధి అరుగు మీద మజ్జిగన్నం.

1995లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో దిగింది. ఏ గుమ్మానికి వెళ్లినా అరుగే గతి. రెండుసార్లు మజ్జిగన్నం తిని, లోకం తీరు గ్రహించి, “నేనూ మొజిల్లానే” అనడం మొదలుపెట్టింది. పక్కనే బ్రాకెట్లో ‘కంపాటిబుల్’ అని నసిగింది, అది వేరే విషయం. తర్వాత నెట్‌స్కేప్ చితికిపోయింది. దాని బూడిదలోంచి గెకో అనే కొత్త ఇంజన్ లేచింది. ఫైర్‌ఫాక్స్‌ను నడిపేది అదే. దానికి మావాళ్లు మంచి పేజీలు పంపిస్తున్నారని చూసి, లినక్స్ ప్రపంచంలో కేడీఈ బృందం రాసిన కేహెచ్‌టీఎంఎల్ అనే ఇంజను “నేను గెకోలాంటివాణ్ణే” అని ఒక ముక్క చేర్చుకుంది. ఆపిల్ ఆ కేహెచ్‌టీఎంఎల్‌ను తీసుకుని వెబ్‌కిట్ చేసింది, 2003లో సఫారీ తెచ్చింది. 2008లో గూగుల్ ఆ వెబ్‌కిట్ మీదే క్రోమ్ కట్టింది కనుక, సఫారీకి పెట్టే విస్తరి తనకీ పెడతారని ఆ పేరూ కలుపుకుంది. 2013లో ఆపిల్‌తో వేరుపడి బ్లింక్ అని ఇంజన్ పేరు మార్చుకుంది గానీ, విడిపోయేనాటి 537.36 అంకె మాత్రం చెక్కుచెదరలేదు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది కేహెచ్‌టీఎంఎల్ గారి వైభవం. కన్నవాళ్లు కేడీఈ వారే దాన్ని చివరికి పక్కన పెట్టేశారు. పేరు కూడా ఎవరికీ తెలియదు. అయినా భూమ్మీద కోట్ల ఫోన్లు పొద్దున్న లేచినప్పటి నుంచి ఆయన పేరు తలవకుండా ఒక్క పేజీ తెరవవు. ఋషి అంటే ఆయన.

మైక్రోసాఫ్ట్ కథ ఇంకా రంజు. 2015లో ఎడ్జ్ తెచ్చి, అందులో క్రోమ్, సఫారీ, గెకో పేర్లన్నీ కూర్చింది. ఇంజను మాత్రం సొంతమే. ఆ సొంత ఇంజనుతో వేగలేక 2020లో గూగుల్ వారి క్రోమియం బిగించుకుంది. తీరా చూస్తే ఇంకో చిక్కు. ‘ఎడ్జ్’ అన్న పేరు కనపడగానే పాత ఎడ్జ్ అనుకుని సైట్లు పాత వైద్యమే చేస్తున్నాయి. అందుకని ఇంగ్లీషు స్పెల్లింగులో చివరి ‘ఈ’ తీసేసి, అరకొర పేరుతో ప్రవర చెప్పడం మొదలుపెట్టింది. న్యూమరాలజీ కోసం కాదు సుమండీ, బతుకుతెరువు కోసం. నార్వే వాళ్ల వివాల్డీ బ్రౌజరైతే 2019 చివర్లో విసుగెత్తి తన పేరే పూర్తిగా తీసేసుకుంది. క్రోమ్‌నని చెప్పిన క్షణం నుంచి దానికి తలుపులన్నీ తెరుచుకున్నాయి.

అంకెలతోనూ ఇదే గొడవ. ఒపేరా పదో వెర్షన్ తెచ్చినప్పుడు చాలా సైట్లు మొదటి అంకె ఒక్కటే చదివి దాన్ని ఒకటో వెర్షన్ అనుకున్నాయి. చేసేది లేక అది 9.80 అని వయసు దాచుకుంది. 2022లో క్రోమ్‌కీ ఫైర్‌ఫాక్స్‌కీ నూరు నిండుతుంటే మా ఆఫీసుల్లో శతమానం పాడాల్సింది పోయి, మూడో అంకె దగ్గర ఏం పేలుతుందోనని గుండెలు అరచేతిలో పెట్టుకున్నాం.

తెలుగువాళ్లకి ఈ ‘నువ్వెవరు’ బాధ కొత్త కాదు. యూనికోడ్ స్థిరపడక ముందు తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఎక్స్‌ప్లోరర్‌లో వార్తలు, ఫైర్‌ఫాక్స్‌లో శూలాలూ గదలూ కనపడేవి. పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే గానీ అవి మళ్లీ అక్షరాలు కాలేదు. అది రాసినవారికి రుణపడి ఉన్నాం.

ఆ ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ సాగనంపింది. దక్షిణ కొరియాలోని గ్యోంగ్‌జూలో ఒక ఇంజనీరు దానికి ఏకంగా సమాధిరాయి చెక్కించాడు: వేరే బ్రౌజర్లు డౌన్‌లోడ్ చేసుకోవడానికి బాగా పనికొచ్చిందని. 2023 ఫిబ్రవరి 14న, ప్రేమికుల రోజున, విండోస్ 10లో మిగిలిన దాన్ని కూడా మూసేశారు. అంతకు రెండేళ్ల ముందే అడోబీ ఫ్లాష్ పోయింది. ఒకటి మైక్రోసాఫ్ట్‌లో సత్య నాదెళ్ల హయాంలో, ఇంకొకటి అడోబీలో శంతను నారాయణ్ హయాంలో. ఇద్దరూ బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పూర్వ విద్యార్థులే. నాలాంటివాళ్ల నిద్రలు పాడుచేసిన రెండు పీడలకీ ఒకే బడి పిల్లలు కర్మకాండ జరిపించారు. ఆ బడి గోడకి నేను దారిన పోతూ నమస్కారం పెడతాను.

కర్మ పూర్తయిందని మాత్రం అనుకోకండి. ఎడ్జ్ లోపల ‘ఐఈ మోడ్’ అని ఒక గది ఉంది. కనీసం 2029 దాకా దాన్ని ఉంచుతామని మైక్రోసాఫ్ట్ మాటిచ్చింది. ఆ మధ్య ఒక పోర్టల్‌లో పత్రం సమర్పించబోతే, ఎక్స్‌ప్లోరర్‌తోనే రమ్మంది. పోయినవాణ్ణి ఎక్కణ్ణుంచి తేను? సెట్టింగుల్లో ప్రవర మార్చి, నేనే ఎక్స్‌ప్లోరర్ పదకొండునని ఫైర్‌ఫాక్స్ చేత చెప్పించాను. మర్యాదగా లోపలికి రానిచ్చింది, పత్రం పుచ్చుకుంది, రసీదు కూడా ఇచ్చింది.

టెక్నాలజీ వార్తలు నాకు అందేది తెనాలి నుంచి. అక్కడ మా మావయ్య ఉన్నాడు. రెవెన్యూలో చేసి రిటైరయ్యాడు. పేపర్లో కంప్యూటర్ అన్న మాట కనపడితే నాకు ఫోను. 2018 ఫిబ్రవరిలో “ఏరా, మన ‘జ్ఞా’ దెబ్బకి ఐఫోన్లు కుప్పకూలుతున్నాయటగా!” అని ఒకటే మురిసిపోయాడు. ఒత్తుకీ దీర్ఘానికీ నడుమ కంటికి కనపడని ఒక యూనికోడ్ గుర్తు దూరితేనే అలా జరుగుతుందనీ, ఆపిల్ అప్పటికే 11.2.6 అని మరమ్మతు పంపిందనీ చెప్పబోయాను. “అవన్నీ నాకెందుకురా, పడ్డాయా లేదా?” అన్నాడు.

2025 ఆగస్టులో మళ్లీ ఫోను. “ఒరేయ్, మీ క్రోమ్‌ను అమ్మేస్తున్నారట. ఎవరో కుర్రాడు మూడు వేల నాలుగు వందల యాభై కోట్ల డాలర్లు ఇస్తానంటున్నాడట. నీ ఉద్యోగం ఉంటుందా?”

క్రోమ్ నాది కాదు మావయ్యా అని మొదలుపెట్టాను. సెర్చ్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నడిపిందని 2024 ఆగస్టులో అమిత్ మెహతా అనే జడ్జి తీర్పిచ్చారని, క్రోమ్‌ను అమ్మించాలని అమెరికా ప్రభుత్వం అడుగుతోందని, ఆ సందులో పర్‌ప్లెక్సిటీ అనే కంపెనీ బేరం పెట్టిందని చెప్పాను. ఆ కేసులో సత్య నాదెళ్ల వెళ్లి గూగుల్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పొచ్చిన సంగతీ చెప్పాను.

“ఆయన బ్రౌజరు లోపల ఇంజను ఎవరిది?”

“గూగుల్‌దే.”

మావయ్య కాసేపు మాట్లాడలేదు. ఆస్తి తగాదాలు చూసి చూసి నెరిసిన తల కదా, “అయితే ఇది అన్నదమ్ముల దావా. రాజీ అవుతుంది చూడు,” అన్నాడు. సెప్టెంబరులో జడ్జి గారు క్రోమ్‌ను అమ్మనక్కర్లేదన్నారు. మావయ్య ఫోను చేసి ఏమీ అనకుండా దగ్గాడు.

నిజానికి ఇప్పుడు లెక్కలోకొచ్చే ఇంజన్లు మూడే: బ్లింక్, వెబ్‌కిట్, గెకో. మొదటి రెండూ కేహెచ్‌టీఎంఎల్ సంతానమే. ఐరోపాలాంటి చోట్ల చట్టం ఆపిల్ మెడ వంచింది గానీ, మన చేతుల్లోని ఐఫోన్లో ఏ బ్రౌజరు వేసుకున్నా అడుగున ఉండేది వెబ్‌కిట్టే. పేర్లు పెరుగుతున్నాయి, గోత్రాలు తరుగుతున్నాయి. ఎక్స్‌ప్లోరర్‌ను తిట్టిన నోటితోనే, గెకో పదికాలాలు చల్లగా ఉండాలని దీవిస్తున్నాను. ఒక్క ఇంజనే మిగిలితే, దాని తప్పులకే ప్రమాణమని పేరు పెడతారు.

ప్రవరల రోత భరించలేక గూగుల్ ఒక కొత్త పద్ధతి తెచ్చింది. పాత పాఠాన్ని కుదించి, క్లయింట్ హింట్స్ అని విడిగా ఒక పేర్ల జాబితా పంపిస్తుంది. అందులో క్రోమియం ఉంటుంది, గూగుల్ క్రోమ్ ఉంటుంది. మూడోది ‘నాట్ ఏ బ్రాండ్’. అలాంటి బ్రౌజరు లోకంలో లేదు. మధ్యలో సెమికోలన్లో, బ్రాకెట్లో ఇరికించి దాని రూపం మారుస్తుంటారు కూడా. పేరు చూసి గుడ్డిగా కోడ్ రాసేవాళ్లు తట్టుకుని పడాలని కావాలనే వేసిన దొంగ పేరు అది. మమ్మల్ని నమ్మి బ్రౌజర్లవాళ్లు నిజం చెప్పిన రోజులు మొదట్లోనే అయిపోయాయి. ఇప్పుడు మాకు బుద్ధి చెప్పడానికి అధికారికంగా అబద్ధమాడుతున్నారు. ఈ మొత్తం చరిత్రలో నేను నిలబడి చప్పట్లు కొట్టిన ఘట్టం ఇదొక్కటే.

ఇప్పుడు ఏఐ బ్రౌజర్ల సీజను. 2025లో పర్‌ప్లెక్సిటీ కామెట్ తెచ్చింది, అక్టోబరులో ఓపెన్‌ఏఐ అట్లాస్ తెచ్చింది. చెబితే చాలు, మన బదులు అవే సైట్లు తిరిగి టికెట్లు వెతుకుతాయి, ఫారాలు నింపుతాయి. రెండిటి పునాదీ క్రోమియమే, గుమ్మం దగ్గర చదివేదీ క్రోమ్ పాఠమే. లోపలికొచ్చింది మనిషో, మనిషి పంపిన మరో తెలుసుకోవడానికి మావాళ్లు మళ్లీ పేరు అడుగుతున్నారు.

మొన్న మా క్లయింటు ఒకాయన ఇదే పట్టు పట్టారు. “ఏఐ బ్రౌజర్లు మన సైట్లోకి రాకూడదండీ. గుర్తుపట్టి ఆపేయండి.”

“గుర్తుపట్టడం కష్టం సార్. అవి క్రోమ్‌నని చెబుతాయి.”

“అయితే క్రోమ్‌ను కూడా ఆపేయండి,” అన్నారాయన, క్రోమ్‌లో నడుస్తున్న వీడియో కాల్‌లో.